అక్క పంపే డబ్బుకి పదో వంతు

అక్కయ్యకి,

నీ తమ్ముడు నమస్కరించి రాసేది. ప్రతి నెలా మనియార్డరు అందిందని రెండు లైన్ల కార్డు ముక్క రాసి పడేసేవాడు ఈసారి కవరు నింపేశాడేమిటని కంగారుపడకు. ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. బాగా లేనిది నా మనసొక్కటే. సిగ్గుతో చచ్చిపోతున్నాను, అక్కా. నీ మరదలికి కూడా చెప్పలేదు.

మా చర్చి సంఘంలో సంపాదనకి పదో వంతు లెక్కన దశమభాగం ఎవరెంత ఇచ్చారో పుస్తకంలో రాసేది నేనేనని నీకు తెలుసు. ఆదివారం ఆరాధన అయ్యాక పక్కగదిలో కూర్చుని కవర్లు విప్పుతాను. ఏది సంపాదన కిందికి వస్తుంది, ఏది రాదు అని అనుమానం వచ్చినవాళ్ళు పాస్టరుగారిని అడగడానికి మొహమాటపడి నన్ను అడుగుతారు. నేనూ పెద్ద తీర్పరిలాగా చెప్పేస్తాను. పన్ను పోకముందు జీతమా, పోయాక చేతికొచ్చేదా అంటే, పోకముందుదే అంటాను. కోడిగుడ్లు అమ్ముకునే పెద్దావిడ ఒకావిడ ఉంది. ఆమధ్య వచ్చి, "బాబూ, అమ్మిన గుడ్లకి పదో వంతు తీస్తున్నాను. మరి ఇంట్లో మేం తినేవాటి సంగతేంటి?" అని అడిగింది. "తిన్నవీ లెక్కేనమ్మా, అవీ కోడి పెట్టినవేగా" అన్నాను. పాపం ఆ వారం నుంచి నాలుగు నాణేలు ఎక్కువ వేస్తోంది. వాటిని లెక్కపెట్టి పుస్తకంలో రాసింది ఈ చేతులే.

ఇక నా సంగతి విను. నేను చేసేది కట్టుడు పళ్ళ తయారీ కదా. నోటి అచ్చులో తెల్లపొడి కలిపి పోసి, గట్టిపడిన ఆ దిమ్మ మీద మైనంతో చిగుళ్ళు కట్టి, ఒక్కొక్క పన్నూ గుచ్చుతాం. ఆ జీతానికి పైసా తేడా లేకుండా పదో వంతు ఇస్తున్నాను. కానీ మా చుట్టుపక్కల ముసలివాళ్ళు పళ్ళసెట్టు కింద పడేసుకుని, విరిగిన ముక్కలు రుమాల్లో కట్టుకుని మా ఇంటికి వస్తారు. వంటింటి బల్ల మీదే అతికించి, అరగదీసి, నున్నగా చేసి ఇస్తాను. ధర చెప్పను. వాళ్ళే తోచింది చేతిలో పెడతారు. ధర చెప్పలేదు కాబట్టి అది కానుక, సంపాదన కాదు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే ధర చెప్పడం మానేసిందే అందుకు! ఇప్పుడది జీతంలో సగం దాకా వస్తోంది.

నువ్వు పంపేదీ అంతే. అక్క ప్రేమతో పంపింది సంపాదనెలా అవుతుందని పదకొండేళ్ళుగా ఒక్క నెల కూడా లెక్కలో వేయలేదు.

పోయిన వారం, సొంతంగా పనిగది పెట్టుకుందామని అప్పు కోసం బ్యాంకుకి వెళ్ళాను. ఫారంలో నెల ఆదాయం రాయాలి. ఎంత ఎక్కువ రాస్తే అంత అప్పు. జీతం రాశాను, విరిగిన పళ్ళ డబ్బు రాశాను, అక్కడితో ఆగకుండా నీ మనియార్డరు కూడా రాశాను. కింద నన్నెరిగిన పెద్దమనిషి ఎవరైనా సంతకం పెట్టాలంటే, నేరుగా పాస్టరుగారి దగ్గరికే పట్టుకెళ్ళాను. చూశావా నా తెలివి! ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని మొత్తం చదివారు. ఆ అంకె దగ్గర ఆగారు. నా కవరు మీద ప్రతి నెలా ఏ అంకె ఉంటుందో ఆయనకి తెలియనిది కాదు. "నెలాఖరు దాకా ఇది నా దగ్గర ఉండనీ" అన్నారంతే. తిట్టినా బాగుండేది.

ఇంకొకటి ఉంది. అసలు సిగ్గు అదే. నాలుగేళ్ళ కిందటే నా జీతం రెండింతలయింది. చెబితే నువ్వు పంపడం మానేస్తావని చెప్పలేదు. బావ పోయాక ఆసుపత్రి లాండ్రీలో ఆ ఆవిరి మధ్య నిలబడి, దుప్పట్లు ఇస్త్రీ చేసి నువ్వు పంపిన డబ్బు అది. దేవుడికి తగ్గించి చెప్పాను, నీకు తగ్గించి చెప్పాను, బ్యాంకుకి మాత్రం పైసాతో సహా నిజం చెప్పాను.

పదకొండేళ్ళ నీ డబ్బుకి పదో వంతు ఎంతో లెక్క కట్టి చూశాను. పళ్ళ డబ్బు మీదది ఎలాగూ కట్టాలి. ఇది కూడా కడితే పనిగది కోసం దాచుకున్నదంతా ఊడ్చుకుపోతుంది. పోతే పోనీ. కానీ నువ్వు పంపింది సంపాదన కిందికి వస్తుందా, రాదా? అందరికీ తీర్పులు చెప్పినవాణ్ణి, నా దగ్గరికి వచ్చేసరికి తేల్చుకోలేకపోతున్నాను. నువ్వే చెప్పు. ఏం చెబితే అది చేస్తాను.

నీ తమ్ముడు,
పిచ్చుక


ఒరేయ్ పిచ్చుకా,

నీ ఉత్తరం పనికి బయల్దేరుతుంటే అందింది. మూడుసార్లు చదివాను. నా మొహం చూసి మా సూపర్వైజరమ్మ "ఏమైంది, ఎవరైనా పోయారా?" అని అడిగింది. "లేదండీ, మా తమ్ముడికి బుద్ధొచ్చింది" అన్నాను.

ముందు నీ ప్రశ్న సంగతి. పళ్ళ డబ్బు సంపాదనే. ధర చెప్పనంత మాత్రాన నువ్వు పడ్డ కష్టం కష్టం కాకుండా పోతుందా, మాయదారి వెధవా! దానికి కట్టు. ఆ పెద్దావిడ తినే గుడ్లు లెక్కపెట్టిన నోటితోనే ఆవిడ దగ్గరికెళ్ళి తప్పు ఒప్పుకో. పాస్టరుగారు పిలిచేదాకా ఆగకు.

నా డబ్బుకి మాత్రం ఒక్క పైసా కట్టకు. నీకు పంపిందంతా నా దశమభాగమే.

అవునురా. అమ్మ పోయేనాటికి నువ్వు ఆ పళ్ళ పని నేర్చుకోవడానికి అప్పుడే చేరావు. ఫీజు కట్టడానికి నాకు వేరే దారి లేదు. జీతం రాగానే పదో వంతు తీసి పక్కన పెట్టడం అమ్మ చేసిన అలవాటు. ఆ పక్కన పెట్టిందే నీకు పంపాను. తల్లి లేని పిల్లాడి చదువుకిస్తే దేవుడు కాదంటాడా అనుకున్నాను. నీ చదువు సాగిన ఆ రెండేళ్ళ వరకు కాదనలేదనే ఇప్పటికీ నమ్ముతున్నాను. అయినా నాకు సిగ్గే. కానుకల సంచి నా వరసలోకి వచ్చే వేళకి దగ్గు తెచ్చుకుని బయటికి వెళ్ళిపోయేదాన్ని. ఇప్పటికీ వెళుతున్నాను.

రెండేళ్ళలో నీ చదువు అయిపోయింది కదా, తర్వాత ఎందుకు పంపావని అడగవేం? నీ జీతం పెరిగిన సంగతి కూడా నాకు తెలుసు. నాలుగేళ్ళ కిందట నీ పెళ్ళాం పిల్లని చూపించడానికి వచ్చినప్పుడు సంబరంగా చెప్పింది. నాకు తెలిసినట్టు నీతో అనొద్దని నేనే బతిమాలాను. నీకు అవసరం లేదని తెలిసే పంపాను.

నువ్వు నాకు రాసేది ఆ కార్డు ఒక్కటే. "అందింది. క్షేమం." ఒకసారి జ్వరం వచ్చి ఒక నెల డబ్బు పంపలేకపోయాను, గుర్తుందా? నీకు గుర్తుండదు. ఆ నెల కార్డు రాలేదు. అప్పుడు అర్థమైంది నాకు, డబ్బు ఆపితే అదీ ఆగిపోతుందని. మీ బావ పోయాక ఈ గదికి నా పేరు మీద వచ్చే కాగితం అదొక్కటేరా. అది పోగొట్టుకోలేకపోయాను. దేవుడి సొమ్ము పెట్టి నెలకి రెండు లైన్లు కొనుక్కున్నాను. నువ్వు తగ్గించి ఇచ్చావు, నేను మొత్తానికే ఎగ్గొట్టాను. నువ్వు ఏడ్చుకుంటూ నన్ను తీర్పు అడిగావే, చదువుతుంటే నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఈ ఆదివారం మా పాస్టరుగారికి అంతా చెప్పేస్తాను. ఇకనుంచి నా పదో వంతు అక్కడే. నువ్వు కూడా పాస్టరుగారి దగ్గర ఆ ఫారం తీసుకుని, నా మనియార్డరు అంకె కొట్టేసి, మళ్ళీ సంతకం అడుగు. వచ్చే నెల నుంచి అది రాదు. కాబట్టి అందిందని నువ్వు కార్డు రాయాల్సిన పని కూడా లేదు.

రాస్తే చదువుకుంటాను. రాయకపోయినా నీ మీద కోపం పెట్టుకోను.

నీ అక్క