ఏ అరలోనూ పడని జబ్బు

పూండి,
9-11-2003.

సూర్యం బావకి మంగ రాస్తున్న ఉత్తరం. అత్త, పాప, నేను బాగానే ఉన్నాం. వెరావల్‌లో నువ్వూ, చేపలవేట బోటులో మనవాళ్లూ అలాగే ఉన్నారనుకుంటాను. పాపకి రెండు పళ్లు ఊడాయి. నువ్వొచ్చాక చూపిస్తుందట, దాచుకుంది.

ఇంటర్నెట్‌లో ఎలా వెతుకుతారని అడిగావు కదా. ఫ్యాక్టరీ వదిలాక రైలుకి గంట టైముంటుంది, పలాసలో నా స్నేహితురాలు గౌతమి నడిపే నెట్ సెంటర్‌లో కూర్చుంటున్నాను. ముందు డైరెక్టరీ చూపించింది, అంటే ఇంటర్నెట్ పేజీల్ని అరలరలుగా సర్దిన జాబితా. ఆరోగ్యం నొక్కితే జబ్బులు, అందులో కిడ్నీలు, అందులో మళ్లీ సుగరు వల్ల, బీపీ వల్ల, రాళ్ల వల్ల. అచ్చం మా జీడిపప్పు గ్రేడింగే. గుండు ఒక ట్రే, బద్ద ఒక ట్రే, ముక్క ఒక ట్రే. ఎవరో కూర్చుని చేత్తో ఏరిపెట్టారు. నాకు భలే నచ్చింది.

మొన్న సెర్చ్ ఇంజన్ తెరిచింది.

"ఇక్కడ అరలుండవే మంగా. మిషనే పేజీలన్నీ సదివేసి ఉంచుకుంటాది. నువ్వడిగిన మాటలున్నవి ఏరి ముందరెడతాది," అంది.

"మరి మంచీసెడ్డా ఎవులు సూత్తారు?"

"నువ్వే సూసుకోవాల."

సముద్రం, కిడ్నీ అని కొట్టిస్తే చేపల కిడ్నీల గురించి వచ్చింది. ఇద్దరం పడిపడి నవ్వాం. తర్వాత 'సుగరు లేదు, బీపీ లేదు, పల్లెల్లో కిడ్నీ జబ్బు' అని రాయించాను. ఎక్కడో పరాయి దేశంలో, నది పక్క పల్లెల్లో అలాంటి జబ్బే ఉందట. గౌతమి చేత రెండుసార్లు చదివించుకున్నాను.

రిపోర్టు వచ్చిందా అన్న నీ రెండో ప్రశ్నకి ఇప్పుడు జవాబు రాస్తున్నాను. నువ్వెళ్లే ముందు డాక్టర్ల క్యాంపులో తీసిన నీ రక్తం రిపోర్టు వచ్చింది బావా. వచ్చి రెండు నెలలైంది. కిడ్నీల పని చెప్పే క్రియాటినిన్ ఒకటి దగ్గర ఉండాలట, నీకు మూడు దాటింది. నీకు సుగరూ బీపీ లేవు, రాళ్లూ లేవు. డైరెక్టరీలో ఏ అరలోనూ పడలేదు గనక రిపోర్టే తప్పనుకున్నాను. మా బల్ల మీద ట్రే లేని పప్పంటూ ఉండదు మరి. ఎవరికీ చెప్పకుండా పెట్టెలో పడేశాను. నా అంత బుద్ధితక్కువది ఇంకొకతి ఉండదు.

నిన్న టెక్కలి డాక్టరుకి చూపించాను. మనిషిని వెంటనే రప్పించమన్నారు. నడుం నొప్పికి మాత్రలు మింగుతున్నానని రాశావు, అవి కిడ్నీలని ఇంకా పాడుచేస్తాయట, ఈ రోజే ఆపెయ్యి. సీజన్ మధ్యలో బోటు దిగితే ఓనరుతో మాటపడాలని నాకు తెలుసు. అయినా దిగు.

నన్ను తిట్టాలనుంటే ఉత్తరంలో రాయకు బావా, ఇంటికొచ్చి తిట్టు.

ఇట్లు,
నీ మరదలు, నీ ఇల్లాలు
మంగ