వాగు గట్టు వదిలిన ఉచ్చులు

నవంబరు 20

లోవెల్‌కి,

నిన్న, మంగళవారం ఉదయం ఆరూ యాభైకి ఆర్డిస్ ట్వైట్ సోయా పొలంలో, మన ఉచ్చులో గొర్రెలు తినే కొయోటీ పడింది. మగది, ముప్ఫై ఆరు పౌన్లు. ఒక్క తూటాతో పని అయిపోయింది. పొలం మన చేతిలోంచి పోదు.

నేనూ, కుక్కా, పన్నెండు కోళ్లూ కులాసా. మిసిసిపీ మీద నువ్వూ, మీ పడవ వంటవాడి చిక్కుడు పులుసుతో వేగుతున్న నీ పొట్టా కులాసా అనే అనుకుంటున్నాను.

పోయిన ఉత్తరంలో మూడు అడిగావు. ట్రక్కు రేడియేటర్ కారడం ఆగింది. కుక్క కాలు మానింది, మళ్లీ కోళ్ల వెంట పడుతోంది. నీ ఎర జాడీ సంగతి కాస్త ఆగి చెబుతాను.

పొలం పోవడమేమిటని అడుగుతావు. నువ్వు పడవెక్కిన మూడో రోజు ఆర్డిస్ వచ్చింది. అక్టోబరు నుంచి నాలుగు గొర్రెపిల్లలు కొయోటీ పాలయ్యాయట. థాంక్స్‌గివింగ్ పండుగ లోపు అది దొరక్కపోతే ఉచ్చులు పెట్టుకునే అనుమతి డెల్విన్ క్రెప్స్‌కి ఇచ్చేస్తానంది. మీ నాన్న కాలం నుంచి మనం తిరిగిన నేల అది. నీకు రాయలేదు. నది మధ్యలో ఉన్నవాడివి, నిద్ర పాడుచేసుకోవడం తప్ప ఏం చేస్తావు?

సీజను మొదలైన రెండో తారీఖున నువ్వు నేర్పినట్టే ఆరు ఉచ్చులూ వాగు గట్టున పెట్టాను. ఉచ్చు ముందు చిన్న బొరియ తవ్వి, అందులో నీ చేపల ఎర వేసి, పైన జల్లించిన మట్టి చల్లాను. ఎనిమిది రోజుల్లో పదకొండు చారల తోక రకూన్లు, ఒక ఎర్ర నక్క. కొయోటీ లేదు. ఏడో తారీఖున దాని అడుగులు ఉచ్చు పక్కనుంచే వెళ్లాయి. ఉచ్చులో అప్పటికే రకూన్ కూర్చుని ఉంది.

దాణా కొట్టులో క్రెప్స్ అందరి ముందూ అడిగాడు. "ఏం మార్లిస్, కొయోటీ కోసమా, రకూన్ తోలు టోపీల దుకాణం పెట్టడానికా?"

"నీ బట్టతల కొలత ఇచ్చి పో, మొదటిది నీకే కుడతాను" అన్నాను.

అక్కడే ఉన్న ఆర్డిస్ మాత్రం నవ్వలేదు. "నాకు చచ్చిన రకూన్లు అక్కర్లేదు అమ్మాయ్. బతికున్న గొర్రెపిల్లలు కావాలి" అంది.

ఆ సాయంత్రం ఏ జంతువు ఎక్కడ పడిందో కాగితం మీద గీశాను. పదకొండు రకూన్లలో తొమ్మిది వాగుకు నలభై అడుగుల లోపే. పదకొండూ చేపల వాసనకు వచ్చినవే. నక్క ఒక్కటే గట్టు చివర ఎత్తు మీద, ఎర చాలక ఖాళీగా వదిలిన ఆరో బొరియ దగ్గర పడింది.

పన్నెండున ఉచ్చులన్నీ పీకి పొలం నడిమధ్యకు మార్చాను. రెండు ట్రాక్టరు దారులు కలిసే మిట్ట ఉంది చూడు, అక్కడ. బొరియ లేదు, తిండి లేదు. ఇంకో కొయోటీ వచ్చిపోయిందనిపించేలా, ఒక గడ్డి దుబ్బు మీద సీసాలో అమ్మే కొయోటీ మూత్రం నాలుగు చుక్కలు, అంతే. రకూన్ అడుగుకు మూసుకోకుండా నాలుగింటి మరలు బిగించాను. రెండు నక్కల కోసం వదులుగానే ఉంచాను. వారంలో ఒక రకూన్, ఒక నక్క, నిన్న ఆయనగారు.

ఇప్పుడు జాడీ. పన్నెండు నుంచి దాని మూత తీయలేదు. షెడ్డులో రంగు డబ్బాల వెనక ఉంది. మీ నాన్న చెప్పిన పాళ్లని నువ్వు ఎంత గొప్పగా చెప్పుకుంటావో తెలుసు కాబట్టే ఇంతదాకా రాయలేకపోయాను.

ఇంకోటి కూడా ఉంది. నిన్న ఆర్డిస్ కాఫీ పోస్తూ, "ఈ కిటుకు లోవెల్ రాసి పంపాడా?" అని అడిగింది. అవును అనేద్దామనుకున్నాను. నోరు రాలేదు.

"లేదు. ఆయన చెప్పినట్టు చేసినన్నాళ్లూ రకూన్లే పడ్డాయి" అన్నాను.

ఆర్డిస్ బల్ల మీద చెయ్యి కొట్టి మరీ నవ్వింది. "అయితే ఇరవై ఏళ్లుగా ఆ మనిషి మా వాగులో రకూన్లకి చేపలు మేపుతున్నాడన్నమాట! ఏటేటా అక్టోబర్లో ఆపిల్ పై ఒకటి పట్టుకొచ్చి మా వంటింటి గుమ్మంలో నిలబడి అనుమతి అడుగుతాడే, ఇక ఆ నిలబడేది నువ్వే. ఈసారి ఉత్త మాట కాదు, కాగితం. నీ పేరున."

వద్దని ఒకసారే అన్నాను. రెండోసారి అనలేదు. కోపం వస్తే ఇంటికొచ్చాక కోప్పడు, వింటాను. నాకు మాత్రం నిన్నటి నుంచి నవ్వు ఆగడం లేదు.

ముప్ఫైన, శనివారం ఉదయం పదింటికి ఆర్డిస్ వంటింట్లో సంతకం. ఆపిల్ పై ఒకటి తీసుకెళ్తాను. అదే రోజు సాయంత్రం నాలుగింటికి డుబూక్ రేవులో నీకోసం ట్రక్కుతో ఉంటాను. ఆదివారం పొద్దున ఐదున్నరకు ఉచ్చులు చూడాలి. అనుమతి ఉన్నవాళ్ల వెంట బకెట్టు మోయడానికి ఒక మనిషి రావచ్చని కాగితంలో ఉంటుందట. నీ పేరు ఇచ్చాను.

ఇట్లు,
నీ ఇంటావిడ
మార్లిస్