హంస మెడ

ఏప్రిల్ 9, బుధవారం

ఈ డైరీ ఎరువుల అంగట్లో ఊరికే ఇచ్చారు. మూడు నెలలు టీవీ మీద పడి ఉంది. ఈరోజు రాయాలనిపించింది.

వెంకటరాముడు మామ ఎద్దుల్ని అమ్మేశాడు. ఆఖరి జత. బోటు కొనడానికి.

సొంత మామ కాదు. మేం దూది ఏకి పరుపులు కుట్టే దూదేకులోళ్లం, వాళ్లు వేరే. కానీ మా నాన్న పోయినప్పటి నుంచి మా ఇంటికి పెద్దదిక్కు ఆయనే. కోడుమూరు చుట్టుపక్కల ఎద్దుల బేరం అంటే ఆయన్నే పిలుస్తారు. మా ఊరి అవతల రిజర్వాయర్లో బోటు తిప్పడానికి ఆయనకి మూడేళ్ల పర్మిషన్ వచ్చింది. ఎంచేదీ నువ్వే, నడిపేదీ నువ్వే అన్నాడు నాతో.

నేనెందుకు అని అడిగా. నీకు చూపు ఉండాదిరా, నువ్వు బాగుందన్న్యావంటే జనానికి బాగుంటాది, అన్నాడు.

తొమ్మిదిలో బడి మానేశాను. ఇప్పుడు ఇరవై మూడు. కర్నూల్లో బట్టల షాపు, తర్వాత ఫోన్ల షాపు, బెంగళూరులో లాడ్జి రిసెప్షన్, కడపలో లారీలకి పెయింటింగ్. ఎక్కడికి వెళ్లినా మొహం చూసి తీసుకున్నారు. షాపు ముందర నిలబెట్టారు. గొప్పకి రాయడం లేదు, నేను బాగుంటాను, అంతే. ఎక్కడా ఆరు నెలలు నిండలేదు. ఒక పొద్దున బ్యాగు సర్దుకుని వచ్చేస్తాను. ఎందుకంటే నాకూ తెలీదు.

ఇది గూడా ఆర్నెల్లేనా నాయనా అని అడిగింది అమ్మ. అన్నం తినేసి లేచాను.


ఏప్రిల్ 13, ఆదివారం

వేంపల్లె దాటి వెళ్లాం. నేను, మామ, సుంకప్ప తాత. సుంకప్పది కోసిగి పక్క. తుంగభద్ర మీద గుండ్రటి పుట్టిలో మనుషుల్ని దాటించేవాడు. బ్రిడ్జి పడ్డాక ఆ పని పోయింది. నీళ్ల సంగతి తెలిసిన మనిషి మాకు ఆయనొక్కడే, అందుకని మామ పిలిపించాడు. మొహం నిండా అమ్మవారి మచ్చలు. మాటలు తక్కువ.

బోట్లు అమ్మే ఆయన పేరు బసవరాజు. చెరువు దగ్గర హోటలు, బోటింగ్ పెట్టాడు. చెరువు ఎండి రెండేళ్లయింది, లోపల కంపచెట్లు మొలిచాయి. రెండు బోట్లు గట్టు మీద ఇటుకల మీదికి ఎక్కించి ఉన్నాయి.

ఒకటి బూడిద రంగుది. రెండు పొడుగాటి డ్రమ్ముల మీద రేకు పరిచి చుట్టూ పైపు కట్టారు. అచ్చం కుడితి తొట్టి.

రెండోది హంస. తెల్లగా. మెడే మనిషికన్నా ఎత్తు. దాని వెనక పెళ్లిమండపం లాంటి పైకప్పు. కింద నిలబడి పైకి చూశాను. కళ్లు ఎవరు వేశారో గానీ, నన్నే చూస్తున్నట్టు ఉంది.

సుంకప్ప తొట్టి కిందికి దూరి వెల్లకిలా పడుకుని చూశాడు. లేచి చొక్కా దులుపుకున్నాడు. ఇది బోటప్పా అన్నాడు. మరి అదేందని మామ హంసను చూపిస్తే, అది బొమ్మ అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. మా ఊరోళ్లకి నీళ్ల మీద నమ్మకం మోకాళ్ల వరకే. ఈ తొట్టిలోకి రమ్మంటే ఎవరొస్తారు? ముందు ఎక్కాలనిపించాలి కదా. ఇంజన్ ఎట్లాగో, బాగుండటం కూడా బోటులో ఒక పార్టే. అదే చెప్పాను.

మామ హంస చుట్టూ మూడుసార్లు తిరిగాడు. పక్క మీద అరచేత్తో చరిచి చప్పుడు విన్నాడు. ఎద్దుకి సుడులు వెతికినట్టు కింది నుంచి పైదాకా వెతికాడు. మెడ నిమిరాడు. తర్వాత భుజం మీది టవల్ తీసి బసవరాజు చేతి మీద కప్పాడు. సంతలో లాగే, టవల్ కింద వేళ్లు పట్టుకుని బేరం. ఇద్దరి మొహాల్లోనూ ఏమీ కనపడలేదు. టవల్ తీసేసరికి హంస మాది.

వ్యాను ఎక్కాక సుంకప్ప, మీ దుడ్లు, మీ ఇష్టము అన్నాడు.


ఏప్రిల్ 15

హంస లారీ మీద ఊళ్లోకొచ్చింది. బడి వదిలేశారు.


మే 22, గురువారం

రిజర్వాయర్లో నీళ్లు అడుగున ఉన్నాయి. హంసని గట్టు మీదే పెట్టుకుని పెయింటింగ్ చేస్తున్నాను. ముక్కుకి నారింజ రంగు మూడు కోట్లు.

సీట్లకి అమ్మ పరుపులు కుడుతోంది. దూది తడిస్తే పాడవుతుంది, స్పాంజి పెడదామన్నాను. నా చేత్తో స్పాంజి పెట్టల్లనా, మీ తాత లేచి వస్తాడు అంది. దూదే పెట్టింది. పైన రెక్సిన్ తొడిగాం. పన్నెండు పరుపులు.

సాయంత్రాలు జనం వచ్చి ఫోటోలు తీసుకుంటున్నారు. నన్ను కూడా పక్కన నిలబడమంటున్నారు. మామ చూసి మురిసిపోతున్నాడు. మొగాలు రెండూ కుదిరినాయిరా అన్నాడు.


జూన్ 29

నీళ్లు రాలేదు. బెంగళూరు నుంచి ఫ్రెండ్ ఫోన్ చేశాడు, జిమ్‌లో పని ఉందట. చూద్దాంలే అన్నాను.


ఆగస్టు 2, శనివారం

కాలవకి వదిలిన నీళ్లు వారం నుంచి వస్తూనే ఉన్నాయి. రిజర్వాయరు నిండింది. ఈరోజు హంసని దింపాం.

తేలింది! దింపేదాకా మా ఎవరికీ నమ్మకం లేదని అప్పుడు తెలిసింది.

ముగ్గురమే ఎక్కాం. మోటారు వేశాను. మామ చెప్పులు విప్పి ఎక్కాడు, రెండు చేతుల్తో మెడ కౌగిలించుకుని కూర్చున్నాడు. ఏమప్పా, ఎద్దు పరిగెత్తితే గూడా ఇంత భయం లేకుండె నీకు అన్నాడు సుంకప్ప. మామ తిట్టాడు. చాలా నవ్వుకున్నాం.

ఒక్క సుంకప్ప మాత్రం మధ్యమధ్యలో తల ఎత్తి హంస మెడ కొస వైపు చూస్తున్నాడు. అది ఆకాశంలో అటొకసారి ఇటొకసారి పోతోంది.

ఆగస్టు పదిహేనున ఓపెనింగ్. మామ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ చెప్పేశాడు.


ఆగస్టు 5, మంగళవారం

పన్నెండు ఎర్రగడ్డల మూటలు తెమ్మన్నాడు సుంకప్ప. మూట యాభై కేజీలు, మూటకొక మనిషి అనుకో అన్నాడు. మామ చేలో కోసిన ఉల్లిగడ్డలే తెచ్చాం. మామ గట్టు మీదే ఉన్నాడు, నేనూ సుంకప్పా పరుపులు తీసేసి, సీటుకొక మూట పెట్టి కొంచెం లోపలికి తీసుకెళ్లాం. బాగానే ఉంది.

ఇప్పుడు అన్నీ ఒక పక్కకు జరపు అన్నాడు. ఎందుకన్నాను. జనం కూచున్న తావున కూచుంటారేందిరా, కొంగ కనపడితే అందరూ ఆ పక్కకే ఉరుకుతారు ఫోన్లు పట్టుకోని అన్నాడు.

ఒక్కో మూట జరుపుతున్నాను. నాలుగు. అయిదు. ఆరో మూట జరిపేసరికి మెడ ఆ పక్కకి వంగింది. మళ్లీ లేవలేదు. నీళ్లు లోపలికొచ్చాయి. మూటలు దొర్లి పడ్డాయి. ఇద్దరం లైఫ్‌జాకెట్లతో తేలాం. హంస పక్కకి పడుకుంది. మూతులు ఊడిన మూటల్లోంచి ఎర్రగడ్డలు పైకొచ్చి చుట్టూ తేలుతున్నాయి.

పన్నెండు మంది. ఒక్కొక్క గడ్డనూ చూస్తుంటే అదే అనిపించింది.

ట్రాక్టరు కట్టి గట్టుకి లాగాం. సుంకప్ప తల తుడుచుకుంటూ మామను అడిగాడు. ఏమప్పా, కాడి కట్టకుండా ఎద్దును కొంటావా నువ్వు? బండికి కట్టి, చక్రాలు బిగించి, లాగిచ్చి చూస్తావే, దీన్ని ఒక్క తూరి నీళ్లల్లో దింపి చూసినావా?

చూడలేదు. మామ చూడలేదు, నేను చూడలేదు. అక్కడ చెరువులో కంపచెట్లుంటే, పక్క ఊరి చెరువుకి తీసుకెళ్లి చూద్దామని కూడా ఎవరికీ తోచలేదు. సుంకప్పకి తోచే ఉంటుంది. మేం అడగలేదు.

మామ, కదలకుండా కూచోమంటే కూచుంటార్లే అన్నాడు. పదైదో తేదీ తప్పదన్నాడు.

ఎంచింది నేను. గట్టుకి కొట్టుకొచ్చిన గడ్డలు ఏరుకుంటూ ఉండిపోయాను.


ఆగస్టు 6

మెడ మొదట్లో ఫైబర్ పెచ్చు ఊడింది. లోపల చూశాను. మెడలో ఇనప పైపులు. అవి నిలబడాలని బోటు డెక్కు మీద ఇంత ఎత్తున కాంక్రీటు దిమ్మె పోశారు. పైకప్పుకి కూడా ఇనప పైపులే. కింద ఉన్నది మామూలు బోటు, వెడల్పుగా, పాతది. బరువంతా తర్వాత పైన ఎక్కించింది.

బసవరాజుకి ఫోన్ చేశాను. దాచలేదు. మెడ లేనప్పుడు ఒక్కరన్నా ఎక్కితే ఒట్టు, మెడ పెట్టినాక లైను కట్టినారు అన్నాడు. ఊగుతుందా అంటే, ఊగుతాది, అందుకే ఐదు మందినే ఎక్కిస్తాంటిమి, మీరు అడగల్యా కదప్పా అన్నాడు.

అది కూడా నిజమే.

మామకి ఈ సంగతి చెప్పాలి. నా చూపు మీద నమ్మకంతో ఎద్దులు అమ్మిన మనిషికి.


ఆగస్టు 7, ఉదయం 6.30

బ్యాగు సర్దుకుని బస్టాపుకి వచ్చాను. ఇక్కడ కూర్చునే రాస్తున్నాను.

బస్టాపు గోడకి కొత్త ఫ్లెక్సీ కట్టారు. తెల్లవారకముందే కట్టినట్టున్నారు. మామ తన ఫోటో వేసుకోలేదు. పెద్ద హంస, దాని మెడ మీద చెయ్యేసి నేను. ఇద్దరం నవ్వుతున్నాం. రండి, విహరించండి అని ఉంది.

పాలక్యాను మల్లక్క నా పక్కనే నిలబడి దాన్ని చూస్తోంది. శానా బాగుండారు ఇద్దరూ, నా మనవరాల్ని తోలుకోనొస్తా ఆ పొద్దు అంది.

ఫ్లెక్సీలో ఉన్న ఇద్దర్నీ చూస్తే ఎవరైనా ఎక్కుతారు. ఇద్దర్నీ ఎవరూ నీళ్లలో దింపి చూసి తీసుకోలేదు.

కర్నూలు బస్సు వచ్చింది. మల్లక్క ఎక్కింది. కండక్టరు నన్ను చూసి ఏమప్పా హీరో, వస్తావా రావా అన్నాడు.


ఆగస్టు 7, సాయంత్రం

చెప్పేశాను. మెడ కోసేయాలి, దిమ్మె పగలగొట్టాలి, పైకప్పు తీసేయాలి.

మామ కొడతాడనుకున్నాను. కొట్టలేదు. దాని మొగం చూసే కదరా కొన్న్యాము అన్నాడు. కొమ్ములు కోసిన ఎద్దును ఏ సంతలోనన్నా చూసినావా అన్నాడు. నా ఎంపికే తప్పు మామా అన్నాను. నీదే తప్పు, నాదీ తప్పే, మెడది ఏం తప్పు అన్నాడు. ఎద్దులు లేని కొట్టంలోకి వెళ్లి కూర్చున్నాడు.


ఆగస్టు 8

మామ కొట్టంలోంచి బయటికి రాలేదు.


ఆగస్టు 10, ఆదివారం

గ్రైండరు తెచ్చుకుని నేనే మొదలుపెట్టాను. ఏదైతే అదవుతుంది. సగం కోసేసరికి మామ గట్టు దిగి వచ్చాడు. ఆగు, ఆగు అన్నాడు. ఆపేస్తాడేమో అనుకున్నాను. టవల్ తీసి మెడకి చుట్టి, రెండు చేతుల్తో పట్టుకున్నాడు. ఇప్పుడు కొయ్యి, దాని మొగం మన్నులో పడగూడదు అన్నాడు.

కోశాను. ఆయనా సుంకప్పా కలిసి దించారు.


ఆగస్టు 12

దిమ్మె, పైకప్పు కూడా తీసేశాం. మళ్లీ పన్నెండు మూటలు. అన్నీ ఒక పక్కకి. వంగింది, జానెడు. ఆగింది. మూటల మీద సుంకప్ప ఎక్కి గెంతాడు, ఆ వయసులో. ఆగే ఉంది.

కానీ ఉన్నమాట రాయాలి. చూడ్డానికి తల తీసిన కోడిలా ఉంది. ఎంత చూసినా నాకు నచ్చలేదు.


ఆగస్టు 15, శుక్రవారం

మామ రాత్రే మెడని గట్టు మీద పాతించాడు. ఆయన కాంక్రీటు, ఆయన ఖర్చు. కొంచెం తల వంచి ఊరివైపు చూస్తోంది. పొద్దున్నే జనం వచ్చేశారు. అందరూ దాని చుట్టూనే. ఫోటోలే ఫోటోలు. పదకొండయింది. బోటు ఎక్కినవాళ్లు లేరు.

మల్లక్క మనవరాలితో వచ్చింది. బోటును చూసి, తలకాయ లేనిదాంట్లో ఎట్ల ఎక్కేది, సావనీకా అని గట్టిగానే అంది. అందరూ నవ్వారు. మామ నేల చూపులు చూస్తున్నాడు. నేను జాకెట్లు చేత్తో పట్టుకుని నిలబడ్డాను. నా మొహం చూసి కూడా ఎవరూ ఎక్కలేదు.

అప్పుడు అమ్మ లేచింది. అమ్మ ఎప్పుడూ బావిలోకి కూడా తొంగి చూడదు. ఆ పరుపులు నేను కుట్టినా, నేను కూచోకుంటే ఎవురు కూచుంటారు, పట్టుకోరా నా చెయ్యి అంది. ఎక్కి కూర్చుంది. అప్పుడు మల్లక్క అమ్మను చూసి, పీరమ్మే ఎక్కిందంటే మనకేమే అంది. పన్నెండు నిండాయి.

రిజర్వాయరు మధ్యకి వెళ్లాం. ఎవరో గట్టు వైపు చూశారు. అక్కడ నుంచి గట్టు వెనక ఒక పెద్ద హంస కూర్చుని మెడ మాత్రం పైకెత్తినట్టు ఉంది. నీళ్లలో నీడ. అంత బాగుంటుందని నాకూ తెలీదు. అంతే, అందరూ లేచారు. అందరూ ఫోన్లు పట్టుకుని ఒకే పక్కకి ఉరికారు. కూచోండి, కూచోండి అని అరిచాను. ఒక్కరూ వినలేదు.

వంగింది.

జానెడు.

ఆగింది.

వాళ్లకి ఏమీ తెలీదు. ఫోటోలు తీసుకుంటున్నారు. అమ్మ ఒక్కతే తన పరుపు రెండు అంచులూ పట్టుకుని ఈ పక్కన నన్నే చూస్తూ కూర్చుంది. సుంకప్ప నా వైపు చూశాడు. ఇప్పుడు ఇది బోటప్పా అన్నాడు.

బాగుండటం అక్కర్లేదని ఇప్పుడు కూడా అనను. మెడ లేకపోతే వాళ్లు గట్టు దాకా వచ్చేవాళ్లు కాదు. బోటు మీద ఉంటే గట్టుకి తిరిగొచ్చేవాళ్లు కాదు.

ఇంటికొచ్చాక అమ్మ ఒకే మాట అడిగింది. అందరూ ఒక పక్కకు పోయినప్పుడు నువ్వెందుకురా అంత తెల్లగయినావు? ఎండ అన్నాను.


అక్టోబర్ 9

ఆరు నెలలు నిండాయి.

పొద్దున గట్టు మీద మెడ పైన ఒక కొంగ వాలింది. నిజం కొంగ. చాలాసేపు వంగి దాని కళ్లలోకి చూసింది. తర్వాత ఎగిరొచ్చి బోటు మీద కూర్చుంది.