రాలేదని ఎవరూ రాయని గ్రూపు

శుక్రవారం రాత్రి, విస్సన్నపేట

టెన్త్ మార్కుల మీద సీటిచ్చే నూజివీడు క్యాంపస్ సెలెక్షన్ లిస్టులో నా పేరు లేదు. నాన్న మామిడితోటలో పని మానుకుని నాతో నెట్ సెంటర్‌కి వచ్చాడు. "ఇంకోసారి చూడండి బాబూ," అని అక్కడి అబ్బాయిని బతిమాలాడు. అతను మళ్ళీ చూశాడు. లేదు.

వేసవంతా, ఈ సీట్ల గురించి పిల్లలు రాసుకునే టెలిగ్రామ్ గ్రూపు చూసుకునే ధైర్యంగా ఉన్నాను. పోయినేడాది నా మార్కులకే సీటొచ్చిందని ఎంతమంది రాశారో! రాలేదని ఒక్కరూ రాయలేదు. అవన్నీ చూపించి అమ్మని కూడా నమ్మించాను. లిస్టు రాకముందే, సీటొచ్చినందుకు ఆదివారం చర్చిలో సాక్ష్యం చెబుతానని పాస్టరమ్మగారికి మాటిచ్చేసింది పిచ్చిది.

ఇందాక అన్నం పెడుతూ అమ్మ అంది, "ఈ వారం సాక్ష్యానికి లేవనులేవే. వెనకాల కూర్చుంటాను."

అప్పుడు తట్టింది నాకు. చర్చిలోనూ ప్రార్థన ఫలించినవాళ్ళే లేచి చెబుతారు. ఫలించనివాళ్ళు పాటలు పాడి ఇంటికెళ్ళిపోతారు. గ్రూపులోనూ అంతే. సీటు రానివాళ్ళు లేక కాదు, వాళ్ళు నోరు విప్పలేదు. ఈ ముక్క ముందే ఎందుకు తట్టలేదో!

గ్రూపు తెరిస్తే, చాట్రాయి నుంచి ఎవరో ఈ ఏడు టెన్త్ చదివే అమ్మాయి అడుగుతోంది, ఇన్ని మార్కులొస్తే సీటు గ్యారంటీయేనా అని. అవి నా మార్కులే. కింద అందరూ "పక్కా", "పక్కా" అని పెడుతున్నారు.

"నాకు రాలేదు" అని టైప్ చేశాను. నా పేరు కనిపిస్తుంది కదా... చెరిపేసి, గ్రూపులోంచి బయటికొచ్చేశాను.

ఆ పిల్ల ఈపాటికి వాళ్ళమ్మకి ఫోన్ చూపిస్తూ ఉంటుంది.