ఆవిరి చక్రం మీద చెయ్యి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం. నువ్వు ఫోన్ చేస్తే ఎత్తలేదని అలిగావట, మీ అమ్మ చెప్పింది. ఇరవై తొమ్మిదేళ్లు బాయిలర్ పక్కన నిలబడ్డ చెవులు నావి. ఫోన్లో నువ్వేం చెప్పినా నాకు ఈగ రొద పెట్టినట్టే ఉంటుంది. అందుకే ఉత్తరం.

నువ్వు ప్రోగ్రాము రాసిన పెట్టె మా రంగుల షెడ్డుకి వచ్చింది. గోడకి బిగించారు. గుడ్డ ముంచే తొట్టి ఎనభై డిగ్రీల దగ్గర ఉండాలి, ఆవిరి వాల్వుని ఇకమీదట నా బదులు అదే తిప్పుకుంటుంది అన్నారు. తిప్పుకుంటోంది. డెబ్బై ఎనిమిది కనపడగానే వాల్వు బార్లా తెరుస్తుంది. ఆవిరి తొట్టికి చేరి నీళ్లు వేడెక్కడానికి కాస్త టైము పడుతుందన్న ఇంగితం లేదు. ఎనభై ఆరుకి ఎక్కాక బెంబేలెత్తి మొత్తం మూసేస్తుంది. మళ్లీ డెబ్బై నాలుగు. నిన్న నీలం గుడ్డ చారలు చారలుగా వచ్చింది. చారలు కావాలని మమ్మల్ని ఎవరూ అడగలేదు.

నలభై రోజులు పరీక్షట. డిగ్రీ అటూ ఇటూ కాకుండా నిలబెడితే నీ ఉద్యోగం ఖాయం చేస్తారని మీ అమ్మ సంబరపడుతోంది. నిలబెడితే నా కుర్చీ తీసేస్తారని ఫోర్‌మన్ చెప్పాడు. నాకింకా మూడేళ్ల సర్వీసుంది. రెండు కబుర్లూ ఒకే రోజు వినాల్సి వచ్చింది.

ఇట్లు,
మీ మామయ్య

తా.క. పెట్టె మీద పచ్చ దీపం ఉంది, అంతా సవ్యంగా ఉందని గుర్తు. గుడ్డకి చారలు పడుతున్నప్పుడు కూడా అది వెలుగుతూనే ఉంది.

*

పూజ్యులు మామయ్య గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. మీ కుర్చీ సంగతి మా ఆఫీసు వాళ్లు నాతో అనలేదు. కనుక్కుంటాను.

పెట్టె తొందరపాటుకి కారణం నేనే. అందులో మూడు అంకెలుంటాయి. మొదటిది ఇప్పుడెంత తేడా ఉందో చూసి, ఆ మేరకు వాల్వు తిప్పుతుంది. రెండోది ఇంతవరకూ పడ్డ తేడాలన్నీ కూడబెట్టుకుని, దానికి తగ్గట్టు తిప్పుతుంది. మూడోది వేడి ఎంత జోరుగా మారుతోందో చూసి ముందే జాగ్రత్తపడుతుంది. మొదటి అంకె మరీ ఎక్కువ పెట్టాను. తగ్గించి పంపిస్తున్నాను.

ఒక్క మనవి. అదే గొట్టం మీద పాత చేతి చక్రం ఉంది కదా, దాన్ని ముట్టుకోవద్దు. మీరూ తిప్పి అదీ తిప్పితే, ఏది ఎవరి పనో నాకు తెలియదు.

ఇట్లు,
మీ మేనల్లుడు

తా.క. చక్రం ఎవరూ ముట్టుకోకూడదని రాయమన్నారు, మీ ఒక్కరినే కాదు. షెడ్డులో ఉండేది మీరొక్కరేనని వాళ్లకి తెలియదు.

*

చిరంజీవి మేనల్లుడికి దీవెనలు.

ముట్టుకోవద్దన్నావు. నువ్వు నడక నేర్చుకునే రోజుల్లో నా వేలు వదిలేవాడివి కాదు. సర్లే, ముట్టుకోలేదు.

నీ మూడు అంకెల గురించి మీ అత్తయ్యకి చెప్పాను. మొదటిది నేనట, కళ్లెదుట ఏది కనపడితే దాని మీద పడతాను. మూడోది మీ అమ్మట, పాలు పొయ్యి మీద పెట్టకముందే పొంగుతాయేమోనని పరిగెడుతుంది. రెండోది ఎవరని నేను అడగలేదు. పెళ్లినాటి నుంచి నా తప్పులన్నీ కూడబెట్టుకున్న మనిషి ఎదురుగానే కూర్చుంది.

కొత్త అంకెలు వచ్చాక బాగుంది. ఎనభై దగ్గర కదలకుండా నిలబడింది. నీ చేతిలో పనితనం ఉందిరా.

ఇట్లు,
మీ మామయ్య

తా.క. నా అరచేతికి బొబ్బలెలా వచ్చాయని అత్తయ్య అడుగుతోంది. తలుపు గడియ తగిలిందని చెప్పాను. నిన్నడిగితే నువ్వూ అదే చెప్పు.

*

మామయ్య గారికి నమస్కారాలు.

ముప్పై రోజులు. తొట్టి వేడి గ్రాఫు దారం లాగి పట్టినట్టుంది. మా బాస్ దాన్ని గోడకి అంటించి, వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నాడు. మధ్యలో ఒకరోజు కావాలని ఒక అంకె చెడగొట్టి చూశాను. అయినా గీత కదల్లేదు. నా ప్రోగ్రాము ఇంత గట్టిదని నాకే తెలియదు.

రిపోర్టులో ‘మనిషి చేసిన పని’ అని ఒక గడి ఉంది. మీరు ముట్టుకోలేదన్నారు కాబట్టి ‘ఏమీ లేదు, పక్కన కూర్చుంటాడు’ అని రాశాను. మీ కుర్చీ సంగతి కూడా అడిగాను. చూద్దామన్నారు.

ఇట్లు,
మీ మేనల్లుడు

తా.క. బొబ్బల గురించి అత్తయ్య అడిగింది. గడియే అని చెప్పాను. ఇంతకీ ఏ తలుపుది?

*

మేనల్లుడికి.

నీ రిపోర్టు ఫోర్‌మన్ నాకు చదివి వినిపించాడు. నాకు చెవుడు కదా, గొంతు చించుకుని చదివాడు. ‘పక్కన కూర్చుంటాడు’ అన్న ముక్క నాకు అందేలోపల పక్క షెడ్లకి అందింది. నేను సరిగా విన్నానో లేదోనని రెండోసారి కూడా చదివాడు.

ఒరే, ఆ గ్రాఫులో ఉన్నది నేను. నీ పెట్టె ఎగబడ్డప్పుడల్లా చక్రం బిగించాను, నీరసపడ్డప్పుడల్లా వదిలాను. నువ్వు అంకె చెడగొట్టి చూశానన్న రోజు మంచినీళ్లు తాగే తీరిక కూడా నాకు దొరకలేదు. నా కుర్చీ పోతుందని తెలిసే చేశాను. నువ్వు ఓడిపోతే మా అక్కకి ముఖం చూపించలేను. బదులుగా నేనేమీ అడగలేదు. కూర్చుంటాడని రాస్తావనుకోలేదు. తల కొట్టేసినట్టయింది.

రేపటి నుంచి చేతులు ముడుచుకుని కూర్చుంటాను.

మామయ్య

తా.క. సోమవారం బాయిలర్ కడగడానికి మూడు గంటలు ఆవిరి ఆపుతారు. ఇదివరకు అలా ఆపితే, మళ్లీ వదిలేటప్పుడు చక్రం పూర్తిగా బిగించి కొంచెం కొంచెంగా తెరిచేవాణ్ణి. ఈసారి నీ పెట్టే చూసుకుంటుంది.

*

మామయ్య గారికి.

మీ ఉత్తరం ఆ బుధవారం అందింది, జవాబు ఇన్నాళ్లకి రాస్తున్నాను. అప్పటికే అంతా అయిపోయింది.

ఆవిరి లేని మూడు గంటలూ తొట్టి చల్లారుతుంటే, రెండో అంకె ఆ తేడానంతా కూడబెట్టుకుంటూ పోయింది. వాల్వు అప్పటికే బార్లా తెరిచి ఉంది, ఇంకా తెరవడానికేమీ లేదు. అలాంటప్పుడు కూడబెట్టడం ఆపమని ఒక్క వరుస రాయాలి. నేను రాయలేదు. ఆవిరి రాగానే కసి అంతా తీర్చుకుంది. ఎర్ర గుడ్డ ఉడికి ముద్దయింది.

బాస్‌కి నిజం చెప్పాను, ఆ గీత నిలబెట్టింది మామయ్య అని. తిడతాడనుకున్నాను. ముఖం వెలిగిపోయింది. చేతి చక్రానికి కూడా మొదటి రోజే సెన్సర్ బిగించారట. మీ చెయ్యి ఎప్పుడు ఎంత తిప్పిందో అంతా ఒక ఫైల్లో ఉంది. దాన్ని ప్రోగ్రాములో పెట్టమన్నాడు. పెట్టాను మామయ్యా, నేనే పెట్టాను. రెండు వారాలుగా ఎవరూ ముట్టుకోకుండానే తొట్టి ఎనభై దగ్గర ఉంటోంది.

నా ఉద్యోగం ఖాయమైంది. మీ కుర్చీ తీసేశారని అమ్మ చెప్పింది. ఈ రెండు ముక్కలు రాయడానికి మూడు కాగితాలు చింపాను.

సిగ్గు విడిచి ఒకటి అడుగుతున్నాను. కొన్ని రోజులు పదకొండింటి ప్రాంతంలో మీరు చక్రం పావు చుట్టు వదిలి, పది నిమిషాలకి మళ్లీ బిగించారు. కొన్ని రోజులు వదల్లేదు. ఎందుకో ఎంత వెతికినా దొరకడం లేదు. ఆ పది నిమిషాల్లో మాత్రం వేడి ఇప్పటికీ తప్పుతోంది.

మీ మేనల్లుడు

తా.క. బాస్‌కి నా మీద గురి కుదిరింది. నేను ఏ అంకె ఎందుకు మార్చానో ఒక పుస్తకంలో రాసి ఇమ్మన్నాడు. ఏదీ వదలకుండా రాస్తున్నాను.

*

చిరంజీవి మేనల్లుడికి.

కోపం లేదని రాయమంది మీ అత్తయ్య. ఉంది. ఉన్నా రాస్తున్నాను.

నా కుర్చీ పక్కన ఒక కిటికీ ఉంది. అందులోంచి ఇస్త్రీ షెడ్డు గొట్టం కనపడుతుంది. దాంట్లోంచి తెల్లగా ఆవిరి చిమ్మితే, వాళ్లు మందపాటి గుడ్డ ఎక్కించారని అర్థం. మనకి రావలసిన ఆవిరి వాళ్లు లాగేసుకుంటారు. అప్పుడు పావు చుట్టు వదలాలి. పల్చటి గుడ్డ రోజున అక్కర్లేదు. నేను చూసింది కిటికీలోంచి. అది మీ ఫైల్లో ఎక్కడుంటుంది?

ఇక పుస్తకం సంగతి. గురి కుదిరిందని మురిసిపోతున్నావు. నా చెయ్యి ఫైల్లో పెట్టించినవాడే ఇప్పుడు నీ బుర్ర పుస్తకంలో పెట్టమంటున్నాడు. ఎవరికోసమో అడిగావా? రాయనంటే ఊరుకోరు, కాబట్టి రాయి. ఇస్త్రీ షెడ్డు మాట మాత్రం అందులో ఎక్కించకు. అక్కడి మేస్త్రి నావాడే. రోజూ ఫోన్ చేసి, నా పేరు చెప్పి కనుక్కో. ఆ పది నిమిషాలు నువ్వే సర్దు. ఎలా అని ఎవరడిగినా చెప్పకు. నీ ఉద్యోగం ఇంకెన్నాళ్లుంటుందో నాకు తెలియదు గానీ, ఉన్నన్నాళ్లూ ఆ పది నిమిషాల మీదే ఉంటుంది.

మీ మామయ్య

తా.క. చదివాక ఈ ఉత్తరం చింపెయ్. నీ బల్ల మీద ఉంచితే ఇదీ ఫైల్లోకి పోతుంది.