గరుకు కాగితంతో దిద్దిన లెక్కలు

లెక్కల టీచరమ్మగారికి నమస్కారం.

ఏడో తరగతిలో కిటికీ పక్కన కూర్చునే పిల్లకి తాతను, వడ్రంగిని. చెయ్యి వణుకుతోందని మా అబ్బాయి నిరుడు నన్ను కొట్లోంచి లేపి ఇంట్లో కూర్చోబెట్టాడు. అప్పట్నుంచి మనవరాలి హోంవర్కు నేనే చూసుకుంటున్నాను. నోటుబుక్కులో రోజూ పదికి పదీ రైటు. పరీక్షలో మాత్రం వందకి పద్దెనిమిది! హోంవర్కు చాలడం లేదన్నమాట. రోజుకి ఇరవై ఇవ్వండి. దాన్ని పాసు చేయించేదాకా నేను నిద్రపోను.

ఇట్లు,
పట్టు వదలని తాత

తా.క. మీ ప్రశ్నపత్రం కూడా ఒకసారి సరిచూసుకోండి.

*

తాతగారికి నమస్కారాలు.

ఇరవై ఇచ్చాను. ఇరవైకి ఇరవై రైటు. ఈ నెల పరీక్షలో పదకొండు వచ్చాయి. పెద్ద పరీక్షలో ముప్ఫై అయిదు రాకపోతే పిల్లకి ఏడాది పోతుంది. నాకు దిగులుగా ఉంది.

ఇట్లు,
లెక్కల టీచరు

తా.క. ప్రశ్నపత్రం సరిచూశాను. కులాసాగానే ఉంది.

*

టీచరమ్మగారికి,

దిగులెందుకమ్మా, నేనున్నానుగా! నలభై ఇవ్వండి.

ఇట్లు,
తాత

తా.క. పిల్ల ఒక్కసారి కూడా సణగలేదు. బంగారం!

*

తాతగారికి,

నలభై ఇచ్చాను. అయిదు వచ్చాయి. ఎనభై ఇస్తే సున్నా కిందికి దిగుతుందేమోనని భయంగా ఉంది. ఇంకో సంగతి. నోటుబుక్కు పేజీ వెలుతురుకి పెడితే అవతలి గోడ కనిపిస్తోంది. పేజీలు ఎందుకంత పలచబడ్డాయి?

ఇట్లు,
లెక్కల టీచరు

తా.క. నలభై లెక్కలు దిద్దేసరికి మా ఇంట్లో వంట ఆలస్యమై మావారు అలుగుతున్నారు.

*

టీచరమ్మగారికి,

పలచబడవూ మరి! తప్పు కనిపిస్తే సన్నటి గరుకు కాగితంతో సిరా గీకేసి, సరైన జవాబు దాని దస్తూరీలోనే రాస్తాను. వంకర పని నా చేతిమీదుగా గడప దాటడం ఈ జన్మలో లేదు.

ఇట్లు,
తాత

తా.క. లెక్కలు చేసేటప్పుడు నా చెయ్యి వణకదు. గమనించారా?

*

అయ్యో తాతగారూ!

ఆ తప్పులే నాకు కావాలండీ! పిల్ల ఎక్కడ తడబడుతోందో చూస్తేనే కదా నేను నేర్పగలిగేది. ఇకమీదట అయిదే ఇస్తాను. వంకరగా ఉన్నా సరే, అలాగే పంపండి. పెద్ద పరీక్షకి నెల కూడా లేదు.

ఇట్లు,
లెక్కల టీచరు

తా.క. గమనించాను. మీ ఏడు అంకె నా ఏడు కన్నా బాగుంటుంది.

*

టీచరమ్మగారికి,

పెద్ద పరీక్షలో తొంభై ఒకటి వచ్చాయని మీరు కబురు పెట్టినప్పట్నుంచి నేను నేలమీద లేను. అయితే ఒక మాట ఇన్నాళ్లూ మీకు చెప్పలేకపోయాను.

మీ ఉత్తరం అందిన రోజే, ఇక దిద్దనని పిల్లకి చెప్పి, గరుకు కాగితం మా అబ్బాయికి ఇచ్చేశాను. సాయంత్రం నోటుబుక్కు తెరిస్తే అయిదుకి అయిదూ రైటు! "ఎప్పుడు నేర్చుకున్నావే?" అన్నాను. "ఎప్పుడూ వచ్చు తాతయ్యా. కొట్టు మానేశాక నువ్వు మాట్లాడటమే మానేశావు. లెక్కలు దిద్దేటప్పుడే నవ్వేవాడివి. అందుకే తప్పులు చేశాను. పరీక్షలో మార్కులు తగ్గినకొద్దీ నీకు లెక్కలు పెరిగాయి కదా" అంది. ఏడుపాగలేదమ్మా నాకు.

నాకోసం ఇక ఒక్క మార్కు కూడా వదులుకోనని ఒట్టు వేయించుకున్నాను. నా నవ్వు సంగతి నేనే చూసుకుంటాను. మీ బడిలో కుంటి బెంచీలు పదహారున్నాయట. సోమవారం ఉలి పట్టుకుని వస్తున్నాను. ఎవరడ్డొచ్చినా ఆగను.

ఇట్లు,
తాత

తా.క. పోయిన తొమ్మిది మార్కుల సంగతేమిటని నిలదీశాను. "అవి నిజంగానే రాలేదు తాతయ్యా" అంది. వాటిని మీకు అప్పగిస్తున్నాను.