లైట్ల చుట్టూ రంగుల సున్నాలు

వదినా,

ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, నేటి నుండి నీ మరిది తన చాయ్‌లో రెండు చెంచాల శక్కెర ఎక్కువ వేసుకొనును. అడ్డుకొనెడి నీవు కాలము చేసి నేటికి ఏడాది అయినందున అభ్యంతరములు స్వీకరించబడవు.

నీ బిడ్డ పరిశోధన ఇంకా నడుస్తున్నది. సబ్బులాంటి మందు కలిపిన నీళ్లల్ల అమైనో ఆమ్లం పోస్తది, పసుపుపచ్చ మందు కలుపుతది, ఆ రంగు ఎంత జల్ది పోతదో గడియారం పెట్టుకొని చూస్తది. ఆస్మియం అనే లోహపు మందు చుక్క వేస్తే ఇంకింత జల్ది పోతదట. "గీ బట్టలుతుకుడుకు డాక్టరు పట్టా ఇస్తరా?" అని నేను ఏడిపిస్తనే ఉంట.

ఇయ్యాల ల్యాబుల ఆవిరి గుంజే ఫ్యాను పనిచెయ్యలేదట. అయినా ఆ ఆస్మియం సీసా మూత తీసింది. పొద్దుగూకంగ బండి మీద తీసుకొస్తుంటే, "కాకా, లైట్ల చుట్టూ రంగుల సున్నాలు కనపడుతున్నయి" అన్నది.

"నాతోనే మస్కిరీనా?" అన్న.

"కాదు కాకా. ఆ ఆవిరి కండ్లల్లకు పోతే గిట్లనే అయితదని చదివిన."

బండి మలిపి గోదావరిఖని కండ్ల దవాఖానకు తెచ్చిన. అన్న బొగ్గుబాయిల డ్యూటీకి దిగిండు, ఆయనకింకా తెల్వదు. బెంచీ మీద కూసొని రాస్తున్న. నువ్వు మాత్రం ఫికర్ చెయ్యకు. "రెండు రోజులల్ల తగ్గుతది, చూపుకేం కాదు" అని డాక్టరమ్మ చెప్పింది.

చెప్పలేదు వదినా. ఆ మాట నేనే అల్లిన. పిల్ల లోపలనే ఉన్నది, తలుపు ఇంకా తెరవలేదు.